ముక్కులో దూది

బడిలో మధ్యాహ్నం హిందీ సారు టీ తాగుతున్నాడు. నేను ఎదురుగా కూర్చుని దిద్దిన పేపర్లు కట్ట కడుతున్నాను. తలెత్తితే ఆయన ముక్కులో తెల్లటి దూది కనిపించింది. రెప్ప వేసి చూస్తే లేదు. నాలుగు రోజులకు ఆయన గుండె ఆగి పోయాడు. చివరిచూపుకు వెళ్ళాను. అదే దూది.

తర్వాత పులివెందుల బస్సులో కండక్టరుకు కనిపించింది. మర్నాటి నుంచి ఆయన ఆ బస్సులో లేడు. నాకు అడిగే ధైర్యం లేకపోయింది. నా చూపు, నా తలపు తగిలినవాళ్ళు పోతున్నారని నమ్మాను. మా ఆయనకు వడ్డించేటప్పుడు కూడా కంచం వైపే చూసేదాన్ని.

"ఏందిమే, నెల దినాల్నుంచి నా మొగం సూడవు. నేనేం జేసినా?" అన్నాడు.

ఏడుస్తూ చెప్పేశాను. ఆయన నవ్వలేదు. ప్రొద్దుటూరులో మాటలతో వైద్యం చేసే పెద్దావిడ దగ్గరికి తీసుకుపోయాడు.

"సారుకు గుండెజబ్బు ముందే ఉండెనా?" అని అడిగిందామె.

ఉండింది. కడపలో చూపించుకునేవాడు.

"దూది కనపడినా బాగుండేటోళ్ళు ఎంతమంది?"

అది నేనెప్పుడూ ఆలోచించలేదు. కనపడిన ప్రతివాళ్ళనూ రాసుకుని, పదిహేను రోజుల తర్వాత ఎలా ఉన్నారో చూడమంది. కండక్టరు గురించి డిపోలో అడిగాను. జమ్మలమడుగు రూటుకు మార్చారట. ఆ బస్సెక్కాను. "యాడికి మేడం?" అన్నాడాయన. టికెట్టు తీసుకుని, పుస్తకంలో 'కండక్టరు బాగున్నాడు' అని రాసుకున్నాను.

మూడోసారి వెళ్ళినప్పుడు ఆమె, "ఈతూరి నా ముక్కులో దూది పెట్టి సూడు. వచ్చే గురువారం లోపల నేను సావాలని అనుకో" అంది. వద్దన్నాను. వదల్లేదు. కళ్ళు మూసుకుని అనుకున్నాను.

గురువారం వెళ్తే తలుపుకు తాళం. ఫోను ఎత్తలేదు. మెట్ల మీద కూర్చున్నాను. ఎండ మాడుస్తోంది. తాళం వేసిన గదిలో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. గంట తర్వాత ఆమె వీధి మలుపులో ఆటో దిగింది.

"బ్యాంకులో లేటయిపాయ. ఇప్పుడు భయం పదికి ఎంతుండాది?"

"తొమ్మిది. లోపల చప్పుడైంది."

ఆమె తాళం తీసింది. గది ఖాళీగా ఉంది. "అదీ రాయి. నేను బతికి నిలబడుండానని గూడా రాయి" అంది.

దూది ఇప్పటికీ అప్పుడప్పుడూ కనిపిస్తుంది. మొన్న ఉదయం గడ్డం గీసుకుంటున్న మా ఆయన ముఖంలో కనిపించింది. చూపు తిప్పుకోలేదు.

"ఏంది అట్ల సూస్తాండావు?"

"చెవికాడ సబ్బుండాది" అని తువ్వాలుతో నేనే తుడిచాను.