కెరటాన్ని మళ్ళీ లేపిన మా అత్త

మా మేనత్త పోయిన వారం కన్నుమూసింది. కంచరపాలెంలో ఆమె ఇంటి ముందు టెంటు కింద కూర్చుని, ఏడవాల్సినవాళ్ళం ఆమె గెలుపు గురించే చెప్పుకున్నాం. మీకూ చెప్పాలనిపించింది.

అత్త చాలా ఏళ్ళు బడిలో డ్రాయింగ్ టీచరు. రిటైరైన ఏడాదే పక్షవాతం వచ్చింది. కాలు మెల్లగా స్వాధీనంలోకి వచ్చింది గానీ, కుంచె పట్టిన కుడిచెయ్యి మాత్రం తిరిగి రాలేదు. కొన్నాళ్ళు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఒకరోజు నేను వెళ్ళేసరికి పూజకని కొన్న చామంతుల్ని ఎడమచేత్తో స్టీలు గ్లాసులో సర్దుతోంది.

"ఇయ్యీ రంగులేనే. ఆరబెట్టక్కర్లేదు, అంతే" అంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఖాళీ గ్లాసన్నది లేదు. వెళ్ళినవాళ్ళకి మంచినీళ్ళు చెంబుతోనే ఇచ్చేది.

రెండేళ్ళ కిందట ఊళ్ళోని ఆర్ట్ మ్యూజియంలో ఒక పోటీ పెట్టారు. గోడమీద ఉన్న చిత్రాన్ని చూసి, దాని ముందు దానికి తగ్గట్టు పూలు అమర్చాలి. అత్త పేరిచ్చింది. తోడుగా నేను వెళ్ళాను. ఎవరికి ఏ చిత్రమో కేటాయిస్తున్న మేడమ్ మంచావిడే. అత్త చెయ్యి చూసి, తామరకొలను ఉన్న చిన్న చిత్రం దగ్గరికి తీసుకెళ్ళి, "మీకిది సులువుగా ఉంటుందండీ" అంది.

అత్త ఎదురుగోడ వైపు చూస్తోంది. అక్కడ గోడంతా తుఫాను సముద్రం. విరగబోతున్న పెద్ద కెరటం, దాని కింద పడవ, పడవలో ఎర్ర తలపాగా మనిషి.

"నాకదే కావాలమ్మా. ఒంటిసెయ్యని సిన్న బొమ్మ ఇచ్చేత్తే ఎలాగ?"

మేడమ్ సరేనంది.

యారాడ తీరానికి వెళ్ళి మొగలి ఆకులు, సరుగుడు కొమ్మలు తెచ్చుకున్నాం. ఎండిన కొబ్బరిగెల తొడుగు పడవయింది. కెరటం నురగకి మోపెడు లిల్లీపూలు. కాడని పళ్ళతో పట్టుకుని ఎడమచేత్తో కత్తిరించేది అత్త. నేను పట్టుకోబోతే ఒప్పుకునేది కాదు.

"నువ్వు నీళ్ళు పొయ్యి. పువ్వు నాను పెడతాను."

పోటీ రోజు, జనాన్ని లోపలికి వదలబోతుండగా, బరువాగక కెరటం మొత్తం పక్కకి ఒరిగి నేలమీద పడింది. నీళ్ళు, ఆకులు, పూలు గచ్చంతా పరుచుకున్నాయి. మేడమ్ పరుగున వచ్చి, "పోనీలెండి, మీరు కష్టపడింది మేం చూశాంగా" అంది. నాకు ఏడుపొచ్చేసింది.

అత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కింద చతికిలబడింది.

"కెరటం పడకుండా ఉంటాదేటి? అడుగుకి రాయి కావాల. ఎల్లి తే."

బయట తోటలోంచి రాయి తెచ్చిచ్చాను. ఈలోగా తలుపులు తెరిచారు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే మా చుట్టూ ఆగిపోయారు. మిగతా పోటీదారులూ వచ్చి నిలబడ్డారు. అత్త ఎవర్నీ చూడలేదు. మొగలి ఆకుని మోకాళ్ళ మధ్య ఇరికించి వంచుతోంది, గుచ్చుతోంది, తల వెనక్కి వాల్చి చిత్రం వైపు చూసుకుంటోంది. కెరటం ఈసారి మొదటికంటే ఎత్తు లేచింది. ఆఖర్న పడవలో ఒకే ఒక్క ఎర్ర గన్నేరు పువ్వు పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది. హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది ఆ మేడమే. సాయంత్రం మొదటి బహుమతి ప్రకటిస్తే, మైకు ముందు అత్త అన్నది ఒక్కటే మాట: "వచ్చే ఏడు ఇంకా పెద్ద బొమ్మ ఇవ్వండి."

ఇచ్చారు కూడా. అదీ గెలిచింది.

ఆ మొదటి బహుమతి సాయంత్రం బీచ్ రోడ్డులో సిటీబస్సెక్కాం. విప్పేసిన అమరికలోని లిల్లీపూలు నా ఒడినిండా ఉన్నాయి. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అత్త పంచిపెట్టింది. కండక్టరు ఒకటి జేబుకి పెట్టుకున్నాడు. ఎవరో లేచి సీటిస్తే కూర్చోలేదు. పూల వాసనతో కిక్కిరిసిన ఆ బస్సు నడుమ, పైకమ్మీని ఎడమచేత్తో పట్టుకుని, మలుపు తిరిగినప్పుడల్లా ఊగుతూ, నవ్వుతూ, ఇంటిదాకా నిలబడే వచ్చింది.