మూడులు, చివర ఒకటి

మా చిన్నమ్మ రాధాబాయిది లక్సెట్టిపేట. ఎనిమిదో తరగతితో బడి మాన్పించి, కొన్నేళ్లకు హుజూరాబాద్ సంబంధం చేశారు. చిన్నాయన జనార్దన్‌రావు అక్కడ లెక్కల సారు.

1973లో తొలి కాన్పుకు బిడ్డ దక్కలేదు. పుట్టింటి నుంచి తిరిగొచ్చాక చిన్నమ్మ మాట్లాడటం మానేసింది. వండేది, వడ్డించేది, గోడకేసి చూస్తూ కూర్చునేది. ఓదార్చడానికి ఎవరైనా వస్తే లేచి లోపలికి వెళ్లిపోయేది.

చిన్నాయనకు ఓదార్చడం రాదు. ఒక ఆదివారం సుద్దముక్క తెచ్చి గచ్చు మీద 31, 331, 3331 అంటూ వరసగా రాశాడు.

"ఇవన్నీ ప్రధాన సంఖ్యలే రాధా. ఒకటి, ఆ సంఖ్య తప్ప ఇంకేదీ వీటిని నిశ్శేషంగ భాగించది. మూడులు ఎన్ని పెట్టినా చివర ఒకటుంటే గిట్లనే వస్తదని నా నమ్మకం. ఏడు మూడుల దానికాడ ఆగిపోయిన. జర సాయం పడుతవా?"

ఆమె ఆ అంకెలను చాలాసేపు చూసింది.

"ఎంతదాక భాగించాలె?"

"దాని వర్గమూలం దాక. ఐదువేల ఏడొందల డెబ్బైమూడు. ఆ లోపల దొరకకపోతే ఇంకెక్కడా దొరకది."

ఆ రోజు నుంచి చిన్నాయన బడి నుంచి రాగానే ఇద్దరూ గచ్చు మీద కూర్చునేవారు. ఆయన ఒకపక్క, ఆమె ఒకపక్క. ఊడ్వడానికి వచ్చే రాజక్క చీపురు పట్టుకుని నిలబడిపోయేది.

"గిది ఊడ్వాల్నా, వద్దా దొరసాని?"

"గా పక్క ఊడువు. గీ పక్క ఇంక కాలే," అనేది చిన్నమ్మ. బయటి మనిషితో ఆమె మళ్లీ మాట్లాడటం అలా మొదలైంది.

వానలు పడేనాటికి భాగహారాలన్నీ అయిపోయాయి. 3,33,33,331ని ఏదీ భాగించలేదు. చిన్నాయన బజారుకెళ్లి జిలేబీ తెచ్చాడు. ఇంకో మూడు చేర్చి 33,33,33,331 రాసి, "దీనికి ఏడాది పడుతది," అన్నాడు సంబరంగా.

చిన్నమ్మ చిన్న సంఖ్యలతో మొదలుపెట్టింది. ఏడు పోలేదు. పదకొండు, పదమూడు పోలేదు. పదిహేడుతో భాగిస్తే శేషం సున్నా వచ్చింది. మళ్లీ చేసింది. ఆయనా చేశాడు. 1,96,07,843 సార్లు, సరిగ్గా.

"పోయింది," అంటూ ఆయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "కాలేజీల చదివేటప్పటి సంది నమ్ముకున్న."

చిన్నమ్మకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. తర్వాత అంది, "అయినా ఏడు మూడుల దాక నిజమే గదా. గది అబద్ధం కాలే."

ఆ మాట అంటూనే ఏడ్చింది. కాన్పయినప్పటి నుంచి రాని ఏడుపు. "బిడ్డకు మీ చెవులే వచ్చినయి," అని చెప్పింది. ఆయన బిడ్డను చూడలేదు, ఎట్లుందో అడగడానికి ధైర్యమూ చేయలేదు. ఆ సాయంత్రం ముక్కు, జుట్టు, గుప్పిట, అన్నీ అడిగాడు. ఆమె అన్నీ చెప్పింది.

మరుసటేడు ఆమె ప్రైవేటుగా పదో తరగతి కట్టింది. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు. ట్రైనింగ్ చేసి చిన్న బడిలో పంతులమ్మ అయింది.

ఎనభైలలో ఎండాకాలం సెలవులకు నేను హుజూరాబాద్ పోయేదాన్ని. పచ్చడికి మామిడికాయ ముక్కలు తుడుస్తూ చిన్నమ్మ నాకు వర్గమూలాలు నేర్పేది. చిన్నాయన పక్కనే పడక కుర్చీలో ఉండీ ఒక్క మాట కల్పించుకునేవాడు కాదు. ఆమె చెబుతుంటే వినడం ఆయనకు ఇష్టం.