ఇంటిపేరు తేలేదాకా కట్టె ముట్టొద్దు

ఎబినేజర్ సారుకు ఒకటే పిచ్చి. ఏ పాము కనబడ్డా ముందు దాని ఇంటిపేరు, అంటే శాస్త్రీయ నామంలో మొదటి మాట, తేలాలి. కల్లూరు కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరై, భద్రాచలం దారిలో అడవి అంచున ఇల్లు కట్టుకున్నాక ఆ పిచ్చి ముదిరింది. వీలైనప్పుడల్లా బస్సెక్కి ఖమ్మం నెట్ సెంటర్‌కు పోయి, శాస్త్రవేత్తలు ఏ పామును ఏ ఇంట్లోంచి ఏ ఇంట్లోకి మార్చారో చూసొచ్చేవాడు. వచ్చి ఊరంతా పంచేవాడు, పెళ్లి కబురు పంచినట్టు.

పక్కింటి జంపక్కకు సారంటే గౌరవం, కోళ్లంటే ప్రాణం. ఓ పొద్దున కోళ్లగూడు దగ్గర చారల పాము. గబుక్కున గంప బోర్లించి రోకలి పట్టుకుంది. వాకిలి నిండా జనం, చేతుల నిండా కట్టెలు.

సారు పరుగున వచ్చాడు. "ఆగు జంపక్కా! ఇంటిపేరు అడగకుండ పిల్లనిస్తరా?"

"ఎందుకిస్తం సారూ?"

"మరి ఇంటిపేరు అడగకుండ సంపుతరా?"

గంప సందులోంచి తొంగిచూశాడు. మొహం వెలిగిపోయింది.

"హెలీనా! మొన్నటిదాక ఈమె ఇంటిపేరు ఎలాఫే. పొలుసులు చూసిండ్రు, ఎముకలు చూసిండ్రు, ఆఖరుకు డీఎన్‌ఏ గూడ చూసి, 'బిడ్డా, నువ్వీ ఇంటిదానివి కాదు' అన్నరు. ఇప్పుడు సీలోగ్నాథస్ హెలీనా!"

"దత్తత వోయిందా సారూ?" అన్నాడు ఎదురింటి భీమయ్య.

"కాదయ్యా, అసలు పుట్టిల్లు దొరికింది!"

"పుట్టిల్లు గాదు, విషమున్నదా చెప్పుర్రి!" అంది జంపక్క.

"లేదమ్మా. ఎలుకల కోసం వచ్చింది. గని అసలు ముచ్చట పొలుసులది..."

అసలు ముచ్చట ఎండ నెత్తికెక్కేదాకా సాగింది. ఒక్కొక్కరే కట్టెలు దించి, ఆవలించి, ఇళ్లకు పోయారు. జంపక్క గంప ఎత్తితే ఖాళీ!

"అయ్యో, ముచ్చట్ల వడి చూడకపోతిని," అన్నాడు సారు.

జంపక్క కిందికి చూసింది. గంప అంచు ఆనిన చోట, సందు కోసం పెట్టినట్టు, సారు చెప్పు ఉంది. అప్పుడు తట్టింది, సారు ఇంటిపేరు చెప్పడం మొదలుపెట్టిన పాము ఇంతవరకూ ఒక్కటీ చావలేదని.

సాయంత్రం సారే జాలీ తెచ్చి కోళ్లగూడు కంతలన్నీ మూశాడు. "ఈ హెలీనాకు దారి గుర్తుంటదమ్మా," అన్నాడు.

వానాకాలంలో సారు జ్వరంతో పడుకున్నప్పుడు, భీమయ్య గడ్డివాము దగ్గర అలాంటి చారల పామే దొరికింది. గంప బోర్లించింది జంపక్కే. కట్టెలు లేచాయి. "సారొచ్చి ఇంటిపేరు చెప్పేదాక ఎవ్వడూ ముట్టొద్దు!" అని అడ్డం నిలబడింది.

దుప్పటి కప్పుకుని సారు వచ్చేసరికి గంప ఖాళీ.

"ఏ పాము జంపక్కా?"

"ఏమో సారూ. ఇంటిపేరు మళ్ల మార్చిండ్రంట. కొత్తింటికి వోయింది."

సారు ఆమె కాళ్లకేసి చూశాడు. ఒక్క చెప్పే ఉంది.