కుచ్చుల గౌను కోసం చేసిన ప్రార్థన

మా అమ్మాయి నంద్యాలలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు జపాను గౌన్ల మీద మనసు పడింది. టోక్యోలో హరజుకు అనే చోట ఆడపిల్లలు పాతకాలపు బొమ్మల్లాగా కుచ్చుల గౌన్లు, లేసు మేజోళ్లు, గడ్డం కింద రిబ్బను ముడివేసే టోపీలు వేసుకుని ఆదివారాలు తిరుగుతారట. వాళ్లను చూసి మెక్సికోలో, ఫిలిప్పీన్స్‌లో కూడా పిల్లలు కుట్టించుకుంటున్నారట. అవన్నీ ఫోన్లో చూపించింది. ఆదివారం అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆ రోజు ప్రభువుది.

"మోకాళ్లు కనపడగూడదు, మెడ దాకా మూసుకోవల్ల. మన సంఘం కంటే వీళ్లకే నియమాలు ఎక్కువమ్మా" అంది.

మా ఆడబిడ్డకు ఆళ్లగడ్డలో టైలరింగు అంగడి ఉంది. పెళ్లికూతుళ్లకు తెల్ల గౌన్లు కుట్టడంలో ఆమెకు మంచి పేరు. మా అమ్మాయి శనివారం శనివారం బస్సెక్కి పోయి, మేనత్త పక్కన కూర్చుని, లేత నీలం గౌను ఒకటి, దానికి జతగా రిబ్బను టోపీ కుట్టుకుంది. గౌను కింద గట్టి నెట్టు బట్ట నాలుగు వరసలు.

గురువారం స్త్రీల కూడికలో ప్రార్థన విన్నపాలు అడిగే వేళ ఎవరి భారం వాళ్లు చెప్పుకోవడం మా అలవాటు. నా వంతు రాగానే, "నా బిడ్డను పరదేశపు ఆత్మ ఏదో పట్టింది, విడుదల కోసం ప్రార్థించండి" అన్నాను. ఆ మాట బిడ్డకు చెప్పలేదు.

శనివారం సాయంత్రం ఏడుగురు స్త్రీలు మా ఇంటికి వచ్చారు. అప్పుడే ఆళ్లగడ్డ నుంచి వచ్చిన పిల్లను కూర్చోబెట్టి, నుదుటికి నూనె రాసి, తల మీద చేతులుంచి గట్టిగా ప్రార్థించారు. టీ తాగి వెళ్లారు. పిల్ల కళ్లు మూసుకోనేలేదు.

"నాకు దెయ్యం పట్టిందని చెప్పినావా? నేనింక చర్చికి రాను" అంది.

చిన్నప్పటి నుంచి క్వయర్‌లో పాడిన పిల్ల. మూడు ఆదివారాలు రాలేదు. నా నోటితోనే బిడ్డను సంఘం బయటికి తోశానేమోనన్న భయం పట్టుకుంది నాకు.

సంగతి తెలిసి ఆడబిడ్డ ఫోను చేసింది. "ఏం వదినా, నేను కుట్టించిన గౌన్లో దెయ్యం యాడుండాది? సూది నాది, దారం నాది. నా మిషనుకు గూడా ఆ నూనె పోసిపో. కిర్రుమంటాండాది."

నవ్వొచ్చింది. ఫోను పెట్టేసి మోకరించాక మాత్రం నవ్వు రాలేదు. ప్రార్థన అడిగిన రోజు నేను దేవుని ముందు పెట్టింది నా పరువు. దానికి బిడ్డ ఆత్మ అని పేరు పెట్టానంతే.

గురువారం కూడికలో చాప మీద నుంచి మళ్లీ లేచి నిలబడ్డాను. నా బిడ్డను ఏ ఆత్మా పట్టలేదని చెప్పాను. మాలో అందరికంటే పెద్దామె కళ్లద్దాలు సర్దుకుంది.

"చేసిన ప్రార్థన వాపసు ఎట్ల తీసుకుంటావు మ్మీ?"

"వాపసు గాదక్కా, సరిదిద్దుకుంటాండా. తొందరపడింది నేను. నా బిడ్డను క్షమాపణ అడగల్ల. దానికి ధైర్యం కావాల."

ఆమె అక్కడికక్కడే ప్రార్థించింది, చాలా చిన్న ప్రార్థన. "ప్రభువా, ఈమెకు ధైర్యం ఇయ్యి. దాంతో పాటు నోరు కొంచెం తగ్గించు." ఆమెన్ అని అందరూ కొంచెం ఎక్కువ గట్టిగానే అన్నారు.

ఇంటికొచ్చి అమ్మాయికి జరిగిందంతా చెప్పి, క్షమించమన్నాను.

"అందరి ముందర చెప్పినావా?"

"చెప్పినా."

"ఆ ఏడుగురు ఉండారా?"

"ఉండారు. ఇంకా పదిమంది ఎక్కువే ఉండారు."

"ఆదివారం గౌను వేసుకోనే వస్తా. ఏమన్నా అంటావా?" అంది.

"అంత గౌనుతో ఆటోలో ఎట్ల పడతావో అది సూసుకో" అన్నాను.

ఆదివారం గుమ్మంలోనే పెద్దామె మా అమ్మాయిని ఆపింది. పిల్ల గడ్డం కింది టోపీ రిబ్బను పట్టుకుని లాగి చూసింది.

"నా తల మీది కొంగు రెండో పాటకే జారిపోతాది. ఇది కదల్లేదే. నాకొకటి కుట్టియ్యి, తెల్లది."

"లేసు పెట్టాల్నా అవ్వా?"

"పెట్టు. కొంచెమే."

ఆ రోజు క్వయర్ వైపు వెళ్లకుండా అమ్మాయి వచ్చి నా పక్కనే కూర్చుంది. గౌను చాపంతా పరుచుకుంది. ముగ్గురం జరగాల్సి వచ్చింది. నేనైతే చాప దాటి నాపరాయి బండల మీదికే పోయాను. పాట మొదలైంది. మొదటి చరణం అమ్మాయి పెదవులు కదపలేదు. రెండో చరణంలో అందుకుంది.