గోదావరి అవతల కొన్న డైపర్లు

ఆ రోజు మా ఇంటావిడ వరండాలో బల్ల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. లేచి వంటింట్లోకి వెళ్లాక చూస్తే బల్ల తడిసి ఉంది. చెంబు ఒలికిందేమో అనుకున్నాను. అక్కడ చెంబు లేదు. ఆవిడ తిరిగి వచ్చి ఆ తడిని చూసింది. చీర వెనక్కి చెయ్యి పోనిచ్చి తడుముకుని, "నాకు తెలియలేదండీ" అంది. గొంతులో భయం వినపడింది. నేను మాత్రం ముందు మెట్ల వంక చూశాను, ఎవరైనా పైకి వస్తున్నారేమోనని.

అప్పటికి చాలా రోజులుగా ఆవిడకి నడుం నొప్పి. కూర్చున్న చోట మొద్దుబారినట్టుందని కూడా చెబుతూనే ఉంది. నొప్పి మాత్రలతో, వేడినీళ్ల కాపడంతో నెట్టుకొచ్చాం. బల్ల తడిసిన మర్నాడు హాస్పిటల్‌కి తీసుకెళితే వెంటనే ఎమ్మారై తీయించారు. డాక్టరుగారు ఫిల్మ్ చూపించి, "డిస్క్ జారి నరాల కట్టని నొక్కేస్తోందండి. కాడా ఈక్వినా అంటాం. ఇది ఎమర్జెన్సీ. మొద్దుబారిందన్న రోజే రావాల్సింది" అన్నారు. ఆ సాయంత్రమే సర్జరీ చేశారు.

కాళ్లలో బలం తిరిగొచ్చింది. నడిచింది. కాని మూత్రానికి పెట్టిన క్యాథెటర్ గొట్టం తీసేశాక మూత్రం ఆగలేదు. "బ్లాడర్ నరాలు నెమ్మదిగా కోలుకుంటాయి. పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేను. అప్పటిదాకా డైపర్లు వాడండి. తడిసిన వెంటనే మార్చండి. నీళ్లు మాత్రం బాగా తాగించండి" అని చెప్పి పంపించారు.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. మా ముత్తాతగారి రోజుల్లో మాది దివాణం. ఇప్పుడు రాజమండ్రి పాత వీధుల్లో ఒక మేడ పైవాటాలో అద్దెకుంటున్నాం. భూములు పోయాయి, ఇల్లు పోయింది, 'దివాణం బాబుగారు' అన్న పిలుపు మాత్రం మిగిలింది. మిగిలింది అదొక్కటే కాబట్టి దాన్ని చాలా జాగ్రత్తగా చూసుకుంటాను.

మా వీధి చివరే మెడికల్ షాపు ఉంది. వెళ్లాను. షాపతను నలుగురిలోనూ నన్ను ముందుకు రమ్మని, "ఏం కావాలండి బాబుగారూ?" అని గౌరవంగా అడిగాడు. పెద్దవాళ్ల డైపర్లు అన్న మాట నా నోట రాలేదు. దగ్గు మందు కొనుక్కుని ఇంటికొచ్చాను. ఆ తర్వాత రైలెక్కి గోదావరి దాటి నిడదవోలు వెళ్లాను. అక్కడ నన్నెవరూ ఎరగరు. ప్యాకెట్లు గుడ్డ సంచిలో పెట్టి, కనపడకుండా పైన అరటిపళ్లు పెట్టి తెచ్చాను. మెట్ల దగ్గర కింది వాటా మంగమ్మగారు ఎదురై, "అరటిపళ్లు ఎక్కడివండీ?" అంది. నిడదవోలు అన్నాను. "రావులపాలెం అరటి మార్కెట్టు పక్కన పెట్టుకుని అరటిపళ్లకి నిడదవోలు వెళ్లారా!" అని ఆవిడ ఒకటే నవ్వు.

దూరం పెద్దది కాదు. కాని మాటిమాటికీ వెళ్లడానికి వంకలు దొరకాలి. అందుకని ఇంట్లో పొదుపు మొదలైంది. తక్కువ వాడమని నేను ఎప్పుడూ అనలేదు. బీరువా తెరిచి, మిగిలినవి చూసి నిట్టూర్చేవాణ్ణి, అంతే. పక్క గదిలో ఉన్న మనిషికి ఆ నిట్టూర్పు చాలు.

ఎండలు ముదిరాక ఆవిడకి జ్వరం వచ్చింది. ఒళ్లు వణికిపోయే జ్వరం. ఏం అడిగినా పొంతన లేని జవాబులు చెప్పింది. హాస్పిటల్లో చేర్చాం. తునిలో ఉండే మా మరదలు రాజ్యం, అంటే మా ఇంటావిడ చెల్లెలు, కబురు తెలిసి వచ్చింది. సెలైన్లు, ఇంజెక్షన్ల మీద జ్వరం దిగి, ఆవిడ తెలివిగా మాట్లాడుతున్న రోజున డాక్టరమ్మ యూరిన్ కల్చర్ రిపోర్టు పట్టుకుని వచ్చింది.

"ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా ఎక్కిందమ్మా. చర్మం కూడా ఒరుసుకుపోయింది. అసలు మీరు నీళ్లు తాగుతున్నారా?"

"మాత్ర వేసుకున్నప్పుడు తాగుతానండి."

"ఇంత ఎండల్లో దాహం వెయ్యట్లేదా?"

"వేస్తుందండి. తాగితే తడుస్తాను. తడిస్తే అవి అయిపోతాయి. అయిపోతే ఆయన మళ్లీ రైలెక్కాలి."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "రైలేంటండీ? మీరు ఏ ఊళ్లో ఉంటారు?"

"రాజమండ్రిలోనే" అన్నాను.

"రాజమండ్రిలో డైపర్లు దొరకవా?"

రాజ్యం అన్నీ విని నన్ను బయట వరండాలోకి రమ్మంది.

"ఏంటి బావగారూ, నిడదవోలు వెళ్లినప్పుడు మీ పరువుని ఎక్కడ పెడతారు? రైల్లోనే వదిలేసి దిగుతారా?"

"నీకు తెలియదు రాజ్యం..."

"నాకు తెలియందేంటండీ? అక్క నీళ్లు మానేసింది. మీరు చూళ్లేదంటే నేను నమ్మను."

చూశాను. పొద్దున నింపిన చెంబు సాయంత్రానికి అలాగే ఉండడం చూశాను. దాహం లేదు కాబోలు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది. జబ్బు ఆవిడది, డైపరు ఆవిడది. దాహం మాత్రం నేను పెట్టింది. ఈ మాట రాసినందువల్ల అది తగ్గదు.

డిశ్చార్జి చేసేటప్పుడు డాక్టరమ్మ పద్ధతి చెప్పింది. మూత్రం వచ్చినట్టనిపించినా అనిపించకపోయినా గడియారం చూసుకుని బాత్రూంకి వెళ్లాలి. ఫిజియోథెరపిస్టు నేర్పిన కండరాల వ్యాయామం మానకూడదు. చర్మం మానేదాకా పగలు మెత్తటి గుడ్డ డైపర్లు, పడుకునేటప్పుడూ బయటికి వెళ్లేటప్పుడూ షాపులో కొన్నవి.

"కొత్త గుడ్డ ఒరుసుకుంటుంది. బాగా నలిగిన నేత పంచెలుంటే తియ్యండి" అంది రాజ్యం. ఇంట్లో ఉన్నవల్లా మా నాన్నగారి బండారులంక పంచెలు. పెట్టెలో దాచుకున్నాను. నాన్నగారివని నసిగాను.

"మావయ్యగారు ఉంటే కోడలికి ఇవ్వద్దనేవారా?"

ఇచ్చాను. అంచులు తీసేసి, మడతలు వేసి, రాజ్యమే కుట్టింది. వాటి మీద వేసుకోవడానికి తడి బయటికి రాని ప్యాంటీలు తెప్పించింది. రాజ్యం తునికి వెళ్లాక ఉతకడం నా పని అయింది. మా ఇంట్లో మగవాళ్లు బట్టలు ఉతికిన దాఖలా లేదు. ఉతకడం నేర్చుకున్నాను గాని ఆరెయ్యడం దగ్గర మళ్లీ తప్పు చేశాను. ఆడవాళ్ల బట్టలు వీధికి కనపడేలా ఆరెయ్యడం మా ఇళ్లలో లేదు. నడవలో తాడు కట్టి ఫ్యాను కింద ఆరేశాను. వానాకాలం. చేత్తో ముట్టుకుంటే ఆరినట్టే ఉండేవి, లోపలి మడత చల్లగా ఉండేది. అవే కట్టాను. మానుతున్న చర్మం మీద ఎర్రటి పొక్కులు లేచాయి.

"ఫంగస్ పట్టింది. ఎండలో ఆరేస్తున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది. మా ఇంటావిడే "ఆయ్, ఆరేస్తున్నారండి" అంది. నన్ను కాపాడడానికి డాక్టరు ముందు అబద్ధం ఆడింది. ఇంటికి వచ్చేదాకా నేను తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చి ఎండ వచ్చింది. ఎండ పడేది వీధి వైపు పిట్టగోడ దగ్గరే. బకెట్ తీసుకెళ్లి అక్కడ తాడు కట్టాను. మా నాన్నగారి పంచెల ముక్కలు ఒక్కొక్కటే దులిపి వేస్తుంటే కింద ముగ్గు వేస్తున్న మంగమ్మగారు తలెత్తింది.

"అయ్యో బాబుగారూ, బంగారంలాంటి పంచెలు చింపేశారేంటండీ?"

"మా ఇంటావిడకి మూత్రం ఆగట్లేదండి. డైపర్లకి చింపాను."

ఆవిడ ముగ్గు చెయ్యి ఆగింది. నేను ఇంకో ముక్క దులిపి తాడు మీద వేశాను.

"అక్కడ కొబ్బరిచెట్టు నీడ వచ్చేస్తుందండి. ఆ చివరకి వెయ్యండి, మధ్యాహ్నం దాకా ఎండ ఉంటుంది" అని మళ్లీ ముగ్గులోకి వంగింది.

ఆ ఊపులోనే వీధి చివరి షాపుకి వెళ్లి, అందరూ వినేలా అడిగాను. షాపతను కన్నయినా పెద్దది చెయ్యలేదు. "టేపుల రకమా అండి, ప్యాంటు రకమా?" అన్నాడు. ఈ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి నేను అన్నిసార్లు గోదావరి దాటాను.

ఇప్పుడు ఆవిడ చర్మం మానింది. నరాలు కొంత కోలుకున్నాయి. పగలు చాలా వరకు పొడిగానే ఉంటుంది. దగ్గినా తుమ్మినా తడుస్తుంది. మొన్న బస్సులో ద్రాక్షారామం వెళ్లి దర్శనం చేసుకుని వచ్చాం. చేతిసంచిలో రెండు డైపర్లు పైకి కనపడుతూనే ఉన్నాయి.

ఇది చదివేవారిలో ఇంట్లో ఇలాంటి మనిషిని చూసుకునేవారు ఉంటే ఒక్కటే చెబుతాను. డైపర్లు మీ ఇంటికి దగ్గర్లో ఉన్న షాపులోనే కొనండి, అయిపోకముందే కొనండి. మీరు ఎంత దూరం వెళ్లి కొంటే, అవతలి మనిషి అంత తక్కువ నీళ్లు తాగుతుంది.

మా ఇంటావిడ ఇప్పటికీ గ్లాసు ఎత్తేముందు ఒకసారి నా ముఖం వైపు చూస్తుంది. ఆ అలవాటు పోలేదు. ఆవిడ చూసేసరికి నా గ్లాసు నా నోటి దగ్గర ఉండేలా చూసుకుంటున్నాను. ఇద్దరం కలిసి తాగుతాం. ముందు నేను దించను.