సార్ ఫోన్ అందని ఆరుగురు

మా ఇంగ్లీష్ సార్ పోయారన్న మాట నాకు పొద్దున ఏడింటికి, పంజాగుట్ట మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుండగా తెలిసింది. పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో "సార్ లేరిక" అని పెట్టారు. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేను మెట్ల మీదే ఒక పక్కకు నిలబడి, ఆ మాటను మళ్ళీ చదివాను. ఏ సంగతి విన్నా ఇది ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు అని అడగడం సార్ దగ్గర చదువుకున్నవాళ్ళకు అలవాటు. గ్రూపులో నేనూ అదే అడిగాను. సార్ పెద్దకూతురే ఫోన్ చేసి చెప్పిందని జవాబొచ్చింది. ఇంక అడగడానికి ఏం లేక డ్యూటీకి వెళ్ళిపోయాను.

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డులు ఎన్నుంటాయో అక్కడ నడిచినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ముప్పై రోజుల్లో గలగలా మాట్లాడిస్తామని ఒకరంటే, ఇరవై రోజులు చాలని పక్కవాళ్ళు. మా సార్ బోర్డు మాత్రం టిఫిన్ సెంటర్ మీద మూడో అంతస్తులో, ఎవరికీ కనపడనంత చిన్నగా ఉండేది. "ఇంగ్లీష్ నేర్పబడును, ఓపిక ఉన్నవారికి" అని రాసుండేది. ఆ ఓపిక నాకు లేదు. ఫీజు తక్కువని చేరాను.

అప్పుడు నేను పంజాగుట్టలో ఒక బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే పనిలో ఉన్నాను. ఇల్లు ఎర్రగడ్డ, చదువు తెలుగు మీడియం డిగ్రీ. దుకాణం ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికి రెండుసార్లు ఇంటర్వ్యూకి పోయాను. రెండుసార్లూ మీ గురించి చెప్పండి అని ఇంగ్లీషులో అడిగితే, పేరు చెప్పి నోరు మూసుకున్నాను. లోపల చెప్పాల్సింది బోలెడు ఉంది, గొంతు దగ్గరకొచ్చి ఆగిపోయేది.

మొదటి రోజు పొద్దున ఆరున్నరకు సార్ వచ్చి, ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా కిటికీ తెరిచారు. బయట మెట్రో రైలు పోతోంది. ఇంగ్లీషులో దీన్నేమంటారని అడిగితే అందరం విండో అన్నాం. ఆ మాట సముద్రం దాటి వచ్చినవాళ్ళ దగ్గర ఇంగ్లీషువాళ్ళు తీసుకున్నదట. విడగొడితే గాలి కన్ను అని అర్థం. తర్వాత బోర్డు మీద తెలుగులో గవాక్షం అని రాసి, దాన్నీ విడగొట్టారు. ఎద్దు కన్ను. సుద్దముక్క చేతిలో అలాగే ఉంచుకుని మా వైపు తిరిగారు.

"వీళ్ళకు వాళ్ళు తెల్వదు, వాళ్ళకు వీళ్ళు తెల్వదు. ఇద్దరికీ గోడల కన్నే కనవడ్డది" అన్నారు.

ఆ మాట ఆయన ఎన్ని బ్యాచులకు చెప్పి ఉంటారో! అయినా అప్పుడే తెలిసినట్టు ఒక నిమిషం అలా నిలబడిపోయారు. చేరిన పొద్దునే నేను చూసిన ఆ ముఖం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

అయితే నాకు ఇంటర్వ్యూ భయం. నాలుగో రోజు లేచి, సార్, గీ కథలు నాకెందుకు, మాట్లాడుడు నేర్పుర్రి అనేశాను. సార్‌కు కోపం రాలేదు. నన్ను కూర్చోమని, ఒకప్పుడు ఇంగ్లీషులో కూడా మనలాగే నువ్వు, మీరు అని రెండు మాటలుండేవని చెప్పారు. వాళ్ళు క్రమంగా నువ్వును పారేసుకున్నారట. మీరు అన్నదొక్కటే మిగిలిందట.

"రాజును అదే అంటరు, గల్లీల కుక్కను సుత అదే అంటరు. అసొంటి భాషకు మీరెందుకమ్మా భయపడుడు?" అన్నారు.

సార్ అందరినీ మీరు అనే పిలిచేవారు. పద్దెనిమిదేళ్ళ పిల్లలనూ, మెట్లూడ్చే ఆమెనూ, కింద టిఫిన్ సెంటర్‌లో దోసెలు వేసే భాయ్‌నీ. ఆ అలవాటు ఎక్కడిదో ఆ రోజు అర్థమైంది. ఆ తర్వాత నేను కథలకు అడ్డుపడలేదు, పైగా కాచుక్కూర్చునేదాన్ని. మన పందికొక్కే ఓడెక్కి ఇంగ్లీషు డిక్షనరీలో బాండికూట్ అయి కూర్చుందన్న రోజు మేమంతా చప్పట్లు కొట్టాం. చదరంగంలో రాజుకు చెప్పే చెక్, పారశీకుల షా నుంచి వచ్చిందన్నారు. తన ఇంట్లో మాట్లాడే దక్కనీలో షా అంటే ఇప్పటికీ రాజేనని గర్వంగా చెప్పుకున్నారు. ఈ భాష ఒక ముసాఫిర్‌ఖానా, సత్రం లెక్క, ఎవరొచ్చినా చోటుంటది, మీకూ ఉంటది అనేవారు.

రెండో వారం గురువారం పోష్ అనే మాట వచ్చింది. బంజారాహిల్స్ పోష్ ఏరియా అంటామే, ఆ పోష్. పూర్వం ఇంగ్లండు నుంచి ఇండియాకు ఓడల్లో వచ్చే ధనవంతులు ఎండ పడకుండా వచ్చేటప్పుడు ఎడమవైపు గది, తిరిగి వెళ్ళేటప్పుడు కుడివైపు గది తీసుకునేవారట. దానికి ఇంగ్లీషులో పోర్ట్, అవుట్, స్టార్‌బోర్డ్, హోమ్ అన్న నాలుగు మాటల మొదటి అక్షరాలను వాళ్ళ టికెట్ల మీద ముద్ర కొట్టేవారట. ఆ నాలుగక్షరాలే పోష్ అయ్యాయట. సార్ ఎండ ఎటు పడుతుందో చేత్తో చూపిస్తూ, గది మొత్తాన్ని ఓడ చేసేశారు. ఎడమవైపు కుర్చీల్లో ఉన్న మేమంతా జమీందార్లలా ఒరిగి కూర్చున్నాం.

మూడోసారి ఇంటర్వ్యూలో మీ ఇల్లెక్కడని అడిగారు. ఎర్రగడ్డ, పోష్ ఏరియా కాదండీ అన్నాను. అడిగిన పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వుతో నాకెక్కడ లేని ధైర్యం వచ్చి, ఆ మాట ఎక్కడిదో తెలుసా అని మొదలుపెట్టాను. తప్పులతడక ఇంగ్లీషులో రెండు నిమిషాలు ఆగకుండా ఓడ నడిపాను. ఉద్యోగం వచ్చింది. సార్‌కు లడ్డూలు తీసుకుపోయాను.

ఎనిమిదేళ్ళు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం కౌంటర్ దగ్గర రద్దీగా ఉన్నప్పుడు సార్ ఫోన్ చేశారు. కుశలప్రశ్నలు లేవు. "అమ్మా, నేను మీకొక తప్పు చెప్పిన" అన్నారు.

పోష్ కథ అబద్ధమట. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పెద్ద డిక్షనరీలో చూశారట. అలాంటి ముద్ర ఉన్న టికెట్ ఒక్కటి కూడా ఇంతవరకు ఎవరికీ దొరకలేదట. ఆ మాట ఎక్కడిదో గట్టిగా ఎవరూ చెప్పలేరట. ఎవరో ఎప్పుడో అల్లిన కథను తాను పదిహేనేళ్ళుగా పిల్లలకు చెబుతూ వచ్చానని, గొంతు తగ్గించి చెప్పారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ కథ చెప్పే నేను ఉద్యోగం తెచ్చుకున్నానని గుర్తుచేశాను.

"ఉద్యోగం మీది, కథ అబద్ధం. రెండూ కలపకుర్రి. మీరు ఎంతమందికి చెప్పిన్రు?" అన్నారు.

లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నా కింద చేరిన ప్రతి కొత్త పిల్లకూ మొదటి రోజు నేను చెప్పే కథ అదే. మా అమ్మాయి దాన్ని బళ్ళో గోడపత్రికకు రాసిచ్చింది, బొమ్మ కూడా వేసింది. అయినా మొండికేసి, ఇందులో ఎవరికి నష్టం సార్, వదిలేయండి అన్నాను.

"నా నోట్లకెళ్ళి పోయింది గదమ్మా. ఇప్పుడు మీ నోట్ల ఉన్నది. నేనే వాపస్ తీస్కోవాలె" అన్నారు.

ఆ వారమంతా నేను నా కింద పనిచేసిన పిల్లలను వెతికి వెతికి చెప్పాను. కొందరు నవ్వారు. మా అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే పోయి గోడపత్రికలో "ఇది నిజం కాదు" అని చిన్న కాగితం అంటించి వచ్చింది.

ఆదివారం అమీర్‌పేట పోతే, సార్ చుట్టూ హాజరు రిజిస్టర్లు. ప్రతి బ్యాచ్‌లో పోష్ కథ చెప్పిన రెండో వారం గురువారం గడి చూసి, ఆ రోజు వచ్చినవాళ్ళకు మాత్రమే ఫోన్ చేస్తున్నారు. రానివాళ్ళు అదృష్టవంతులని నవ్వారు. మాట్లాడటం అయ్యాక పేరు పక్కన పెన్సిల్‌తో టిక్కు. కొందరు ఆయన్ను క్రెడిట్ కార్డు అమ్మేవాడనుకుని పెట్టేసేవారు. మళ్ళీ చేసేవారు. ఒకాయన, గింతదానికి ఫోన్ చేసిన్రా సార్ అని చిరాకుపడ్డాడట. ఇంకొకాయన మాత్రం వినీ వినగానే ఏడ్చాడట. తన జీవితంలో పెద్దవాళ్ళెవరూ తప్పు చెప్పానని తనతో అనలేదని చెప్పాడట. ఆ సంగతి చెబుతున్నప్పుడు సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

నేను ఎందరో చదువుకున్నవాళ్ళను చూశాను. ఆసుపత్రి కౌంటర్ దగ్గర పెద్ద పెద్దవాళ్ళు నిలబడతారు. ఒక మాటను వెనక్కి తీసుకోవడానికి ఇన్ని వందల ఫోన్లు చేసిన మనిషిని మాత్రం ఈ ఒక్కరినే చూశాను. అది ఎంత పెద్ద పనో అప్పుడు నాకు పూర్తిగా తెలియలేదు.

తర్వాత ఆయనకు మూత్రపిండాలు చెడిపోయాయి. పంజాగుట్టలోనే వారానికి మూడుసార్లు డయాలసిస్. నా డ్యూటీ సాయంత్రం నాలుగింటికి అయిపోయేది, పోయి పక్కన కూర్చునేదాన్ని. ఒక చేతికి గొట్టాలు, రెండో చేతిలో ఫోన్, పొట్ట మీద, మిగిలిన పేర్లన్నీ ఒకచోట ఎక్కించుకున్న రిజిస్టర్. చివరిసారి నేను పోయేటప్పటికి పదకొండు పేర్లు మిగిలాయి. ఆ నంబర్లేవీ పనిచేయడం లేదు.

ఆ రోజు సార్ ఫోన్ పక్కన పెట్టి డాగ్ అనే మాట గురించి మాట్లాడారు. బళ్ళో చిన్నపిల్లలకు మొట్టమొదట నేర్పే మాటల్లో ఒకటి. అది ఇంగ్లీషులోకి ఎక్కడి నుంచి వచ్చిందో ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేకపోయారట. పక్క భాషల్లో దానికి చుట్టాలు లేరట. హౌండ్ అనే పాత మాటను పక్కకు నెట్టి ఇది కూర్చుందట. చెబుతుంటే ఆయన ముఖంలో మొదటి రోజు కిటికీ దగ్గర చూసిన వెలుగే కనిపించింది.

"తెల్వదు అనుడు నేర్వనీకి నాకు ముప్పై ఏండ్లు పట్టింది" అన్నారు. రిజిస్టర్ మీద వేలు పెట్టి, "గా పదకొండు మందికి సుత తెల్వదని చెప్పాలె" అన్నారు.

సార్ పోయిన మూడోనాడు జియారత్ ప్రార్థనలకు ఇంటికి పోయినప్పుడు, మేం మేడం అని పిలిచే సార్ భార్య లోపలి నుంచి ఆ రిజిస్టర్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఇది నువ్వే తీస్కపో బేటా, చివరి దాంక దీని ఫికరే చేసిన్రు అంది. నేను వద్దనలేకపోయాను.

గ్రూపులో అడిగి, తెలిసినవాళ్ళకు తెలిసినవాళ్ళను పట్టుకుని ఐదుగురిని అందుకున్నాను. ఆరుగురు మిగిలారు. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను. మరిచిపోకుండా పేర్ల పక్కన సార్ రాసుకున్నవి మాత్రం రాస్తాను. లక్డీకాపూల్ హోటల్లో పనిచేసి డ్యూటీ దిగి నేరుగా క్లాసుకు వచ్చే అబ్బాయి. చంకలో పాపతో వచ్చి, పాప ఏడిస్తే మెట్ల దగ్గర నిలబడి పాఠం వినే ఆమె. ఖైరతాబాద్ నుంచి సైకిల్ మీద వచ్చే ఆయన. ఎప్పుడూ చివరి కుర్చీలో కూర్చునే అన్నదమ్ములు ఇద్దరు. ఒక పేరు పక్కన "బాగా నవ్వుతారు" అని మాత్రమే ఉంది.

మీరు వాళ్ళలో ఒకరైతే, ఇది మీకోసం రాసింది. పోష్ అనే మాట గురించి ఆ గురువారం సార్ మీకు చెప్పింది నిజం కాదు. ఓడ టికెట్ల మీద అలాంటి ముద్రలేవీ లేవు. ఆ మాట ఎక్కడిదో ఇప్పటికైతే తెలియదు. మీరు ఎవరికైనా చెప్పి ఉంటే వాళ్ళకు కూడా చెప్పండి. సార్ అడగమన్నారు.

రిజిస్టర్ నా కౌంటర్ సొరుగులో ఉంది. ఆ పేర్లున్న పేజీ మధ్యలో సార్ పెన్సిల్ అలాగే ఉంది. పోయే ముందు రోజు మేడం చేత చెక్కించుకున్నారట, మొన ఇంకా అరగలేదు.