దుర్గాంబ గ్రంథాలయం పడమటి గోడ

పున్నయ్య మాస్టారికి లేని గోడలు కనిపించేవి. అదొక్కటి తప్ప ఆయనలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

అవి అరవైల చివరి రోజులు. పిట్టలవానిపాలెం రోడ్డు పక్కన కొత్తగా పెట్టిన కాలేజీకి ఆయన ప్రిన్సిపాలు. కాలేజీ అంటే మూతబడిన ఒక బియ్యం మిల్లు, దాని వెనక కాలవదాకా ఖాళీ స్థలం. బాపట్ల నుంచీ రేపల్లె నుంచీ బస్సుల్లో వచ్చిన పిల్లలు తవుడు వాసన పీలుస్తూ చరిత్రా, అర్థశాస్త్రమూ చదువుకునేవారు. స్థలం ఇచ్చిన దాత కమిటీ ప్రెసిడెంటు వీరాస్వామి గారు. అందులో లైబ్రరీ కట్టించి, కాలం చేసిన తన తల్లి దుర్గాంబగారి పేరు పెట్టాలని ఆయన కోరిక. మంచిరోజు చూసి, కొబ్బరికాయ కొట్టి, నేల మీద ముగ్గు పోయించారు. ఆ తరవాత ఒక్క ఇటుకా రాలేదు.

ఇంకొకరైతే ఇటుకల కోసం ఎదురుచూసేవారు. పున్నయ్య మాస్టారికి అంత ఓపిక లేదు. ముగ్గు పోసిన మర్నాటి నుంచే లైబ్రరీ వాడడం మొదలుపెట్టారు.

ఈ వాడకంలో నలిగిపోయినవాడు అటెండరు లూకా. పొద్దున్నే తాడు కొస పట్టుకుని, చెరిగినచోటల్లా మళ్ళీ ముగ్గు పొయ్యాలి. వానొస్తే "గోడ కరిగిపోయింది లూకా", గాలొస్తే "గోడ ఎగిరిపోయింది లూకా". దారిన పోయేవాళ్ళు ఆగి మరీ నవ్విపోయేవారు. లూకా తల దించుకుని, తాడు వదలకుండా, తన ఖర్మను తానే తిట్టుకునేవాడు.

"ఏంటయ్యా అది? గోడలోంచి నడుస్తున్నావు!" అని ఓ రోజు మాస్టారు ఒక కుర్రాణ్ణి ఆపారు.

"గోడెక్కడుందండి?"

"నీ కడుపులో ఉంది ఇప్పుడు. వెనక్కి వెళ్ళు. తలుపులోంచి రా."

ఆ కుర్రాడూ తక్కువవాడేం కాదు. వెనక్కి వెళ్ళి, ముగ్గులో ఖాళీ వదిలిన చోట నిలబడి, తలుపు తోసినట్టు తోసి, నోటితో "కిర్ర్" మన్నాడు. పిల్లలంతా గొల్లుమన్నారు. మాస్టారు మాత్రం నవ్వలేదు. "లూకా, తలుపుకి నూనె వెయ్యాలోయ్" అన్నారు.

అందులో చదువుకునేవాళ్ళకు నెత్తిన ఎండ. "కళ్ళు తిరుగుతున్నాయండి" అంటే "కిటికీ మూసుకో" అనేవారు. ఒకసారి మేక ఒకటి దూరితే, "సభ్యత్వం ఉందేమో కనుక్కో" అని లూకాను పంపారు.

తమాషా ఏమిటంటే, ఈ పిచ్చి వీరాస్వామి గారికీ అంటుకుంది. మొదట్లో ఆయనా ముగ్గు దాటబోయారు. "అమ్మగారి గోడండీ" అన్నారు మాస్టారు, మెల్లిగా. అంతే, ఆనాటి నుంచి ఆయన తలుపు దగ్గర చెప్పులు విప్పకుండా లోపలికి అడుగుపెట్టలేదు. తెనాలి నుంచి చుట్టాలొస్తే వెంటబెట్టుకొచ్చి, "ఇటు రండి, తల జాగ్రత్త, గుమ్మం కాస్త కిందికుంది" అనే స్థితికొచ్చారు.

అన్ని గోడలూ తిన్నగానే ఉండేవి, పడమటి గోడ తప్ప. కాలవ గట్టు వెంట బుద్ధిగా వస్తూ వస్తూ, అంకమ్మ పాక దగ్గర లోపలికి మళ్ళి, పాకను మూడు పక్కలా చుట్టి, తిరిగి గట్టు మీదికి చేరేది. అంకమ్మ మిల్లు నడిచే రోజుల నుంచీ ఆ తాటాకు పాకలో ఇడ్లీలు వేస్తోంది. వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ పాకే ఇల్లు, ఆ పొయ్యే బతుకు. లూకా పొద్దుటి టిఫిను అక్కడే.

"ఈ వంకరేంటండి?" అని అడిగాడు లూకా.

"గాలి కోసం" అన్నారు మాస్టారు. వారం పోయాక అడిగితే "కాలవ తేమకి" అన్నారు. మళ్ళీ అడిగితే, "తెనాలిలో ఇప్పుడందరూ ఇలాగే కడుతున్నారయ్యా" అన్నారు.

పిల్లలు గోడ మీదుగా చెయ్యి చాపి ఇడ్లీ అందుకోవచ్చు, కాలు మాత్రం పెట్టకూడదు. అంకమ్మకు ఈ గోడల మీద బొత్తిగా నమ్మకం లేదు. నీళ్ళబిందె చంకనెత్తుకుని సరాసరి గోడలోంచే నడిచిపోయేది. సరిగ్గా అప్పుడే మాస్టారికి ఆకాశంలో చూడవలసినదేదో కనిపించేది.

"అక్కని అనరేంటండి?" అని లూకా ఉక్రోషపడేవాడు.

"ఏ అక్క? నేను చూళ్ళేదే!"

వీరాస్వామి గారికి మాత్రం ఆ పాక కంట్లో నలుసు. "కాలేజీలో పొగేంటండి మాస్టారూ? దాన్ని పీకించండి" అనేవారు. "పీకిద్దాం. ముందు గోడ ఆరనివ్వండి" అనేవారు మాస్టారు. ఏడాది గడిచినా గోడ ఆరలేదు. ఈ సంగతి అంకమ్మ చెవిన పడితే ఊరుకోనని మాత్రం లూకాను గట్టిగా హెచ్చరించారు. లేని గోడకున్న విలువ ఉన్న మనిషికి లేకపోయిందే అని లూకా కడుపు మండిపోయేది.

ఇంతలో వాల్తేరు నుంచి యూనివర్సిటీ కమిషన్ వస్తోందని కబురు. వాళ్ళు సరేనంటేనే కాలేజీకి గుర్తింపు. ముందురోజు పొద్దున్నే వీరాస్వామి గారు పాలేరు యలమందనూ, గునపాలతో మరికొందరినీ వెంటేసుకొచ్చారు. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

యలమంద పాక వైపు కాలు ముందుకేశాడు.

"ఆగరా!" ఆ కేక మాస్టారిది కాదు, వీరాస్వామి గారిదే. "గోడలోంచి పోతావేంట్రా? తలుపులోంచి రా!"

అందరూ చుట్టూ తిరిగి, తలుపులోంచి వచ్చి, అలవాటు చొప్పున చప్పుడు కాకుండా లైబ్రరీ దాటి, వంకర దగ్గరికి చేరారు. అక్కడా గోడే.

వీరాస్వామి గారు అటూ ఇటూ చూశారు. "పాకలోకి దారేదండి మాస్టారూ?"

"లేదండి."

"ఏంటి, లేదా?"

"మూడు పక్కలా గోడ, నాలుగో పక్క నిండు కాలవ. గోడ పడగొడితే వెళ్ళొచ్చు." మాస్టారు యలమంద చేతిలో గునపం తీసుకుని ఆయనకు అందించారు. "అమ్మగారి లైబ్రరీ. మొదటి దెబ్బ కొడుకుగా మీరే వెయ్యాలి."

వీరాస్వామి గారు గునపం పట్టుకుని ముగ్గు వంక చాలాసేపు చూశారు. ఆయన చెయ్యి లేవలేదు. లూకాకు అప్పుడు వెలిగింది. ఇన్నాళ్ళూ తాను తాడు పట్టింది పుస్తకాల కోసం కాదు. ఆ పిచ్చి మనిషి మీద వాడికి ఒక్కసారిగా కొండంత ప్రేమ పొంగింది.

"ముగ్గు పోసిన రోజు ఈ వంకర లేదు గదండీ?" అన్నారు వీరాస్వామి గారు చివరికి.

"లేదండి. మర్నాడు పెరిగింది."

వీరాస్వామి గారి మీసాలు కదిలాయి. "మీరు అసాధ్యులండీ. మరి కమిషన్‌కి ఏం చెబుతాం?"

"మనకి క్యాంటీను కూడా ఉందని చెబుదాం. ఓ కిటికీ పెడితే సరి." మాస్టారు గుప్పెడు ముగ్గు తీసి గోడ మీద రెండు గీతలు పోశారు.

లూకా ఆయన పక్కకు చేరాడు. "నాతోనైనా చెప్పకపోయారా సార్?"

"చెబితే నువ్వు తాడు పట్టుకుని ఏడవడం మానేసేవాడివి. నీ మొహం చూసే గదయ్యా ఊరంతా నవ్వింది! జనం నవ్వుకుంటున్నంతసేపు కారణం అడగరు."

మర్నాడు వచ్చిన కమిషన్ పెద్దలు ఆ కిటికీ దగ్గర బుద్ధిగా వరసలో నిలబడి టిఫిన్ చేశారనుకోండి, అది వేరే సంగతి. ఆ రోజు మాత్రం ముందు వంగినవారు వీరాస్వామి గారే. తల తగలకుండా చూసుకుని, కిటికీలోంచి చెయ్యి చాపారు.

అంకమ్మ పొగలోంచి బయటికి తొంగిచూసింది. "ఏంటి బాబూ, గునపాలతో వచ్చారు?"

"పునాదులు చూద్దామని వచ్చారమ్మా. ఆకలేసిందట" అన్నారు మాస్టారు.

"ఇంతమందొస్తారని కాస్త ముందు చెప్పొద్దా లూకా?" అని విసుక్కుంటూ అంకమ్మ పొయ్యి మీద మరో వాయ పెట్టింది.